ఇటలీకి కళ, చరిత్ర, భోజనం కోసం బృందంతో వెళ్తున్నారా? ప్యాకేజీని ఎలా పరీక్షించాలి, ఎలా సిద్ధపడాలి

రోమ్, ఫ్లోరెన్స్ నగరాలకు గైడు ఉన్న బృందంతో వెళ్లాలనుకునేవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "ఈ ప్యాకేజీ తీసుకోవచ్చా?" ధర చెబుతారు, రోజుల సంఖ్య చెబుతారు, ఎన్ని దేశాలు చూపిస్తారో కూడా చెబుతారు. ఏ మ్యూజియం లోపల ఎన్ని గంటలు ఉంటారో, అక్కడ వివరించేది ఎవరో, మధ్యాహ్నం ఎక్కడ ఏమి తింటారో మాత్రం వారి చేతిలోని కాగితంలో కనిపించదు. బొమ్మలు, కట్టడాలు, వంటకాల కోసం ఇంత దూరం వెళ్లేవారికి అసలు కావలసినవి ఆ మూడే కనుక, సొమ్ము కట్టకముందే వాటిని రాబట్టే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. ఉదాహరణగా రోమ్‌లో నాలుగు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో మూడు రాత్రులు ఉండే పర్యటనను తీసుకున్నాను. పది రోజుల్లో ఆరు దేశాలు తిరగాలనుకునేవారికి ఈ వ్యాసం పెద్దగా ఉపయోగపడదు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ట్రావెల్ సంస్థ ఇచ్చిన రోజువారీ కార్యక్రమం, పూర్తి ప్రతి. వాట్సాప్‌లో పంపే రంగుల కరపత్రం సరిపోదు.
- ప్యాకేజీలో చేరినవి, చేరనివి అనే రెండు జాబితాలు.
- మీరు వెళ్లే నెల క్యాలెండరు.
- కుటుంబంలో ప్రయాణించే ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు.
- పెన్సిలు, రెండు రంగుల పెన్నులు.

1. కాలాన్ని ఎంచుకోండి

ఏప్రిల్, మే నెలలు, లేదా సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు నడకకు అనుకూలంగా ఉంటాయి. మన పిల్లల వేసవి సెలవులను బట్టి చాలామంది మే చివర, జూన్‌లో బయలుదేరతారు. జూన్ రెండో సగానికి రోమ్‌లో ఎండ గట్టిగానే ఉంటుంది. కొలోసియం, దాని పక్కనున్న రోమన్ ఫోరం రెండూ నీడ తక్కువగా ఉండే చోట్లు కనుక పెద్దవారికి కష్టమవుతుంది. దసరా సెలవులు ఇంతకంటే మేలు. ఆగస్టు వద్దంటాను, ఎండ ఒక్కటే కారణం కాదు. ఆగస్టు 15 పండుగకు అటూ ఇటూ ఇటలీవాళ్లే సెలవులకు వెళ్లిపోతారు, కుటుంబాలు నడిపే మంచి భోజనశాలల్లో చాలా వాటికి తాళాలు పడతాయి. భోజనం కోసం వెళ్లేవారికి అది పెద్ద నష్టం.

2. కార్యక్రమంలోని క్రియలను చదవండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, అందరూ దాటేసేది కూడా ఇదే. కార్యక్రమంలో ఊళ్ల పేర్లను, కట్టడాల పేర్లను పక్కన పెట్టి, వాటి వెంట వచ్చే క్రియలను మాత్రమే చదవండి. "ప్రవేశం", "లోపల గైడుతో సందర్శన" అని ఉంటే ఒక రంగుతో గీత గీయండి. "వెలుపలి నుంచి చూస్తాం", "ఫోటో స్టాప్", "బస్సులో నుంచి దర్శనం", "ఓరియెంటేషన్ టూర్" అని ఉంటే రెండో రంగు వాడండి. గీతలు గీయడం పూర్తయ్యాక కాగితాన్ని ఒకసారి చేతి దూరంలో పెట్టి చూస్తే మీరు కొంటున్నది ఏమిటో తెలిసిపోతుంది.

వెలుపలి నుంచి చూడటంలో తప్పేమీ లేని కట్టడాలూ ఉన్నాయి. త్రేవీ ఫౌంటెన్‌ను బయటి నుంచే చూస్తారు. అయితే ఉఫిజి గ్యాలరీని వెలుపలి నుంచి చూడటమంటే కార్యాలయాల భవనాన్ని చూడటమే. 1560లో వసారి అనే వాస్తుశిల్పి మొదలుపెట్టిన ఆ కట్టడం నిజంగానే ప్రభుత్వ కార్యాలయాల కోసం కట్టినది, దాని పేరుకు అర్థమూ అదే. బోటిచెల్లి గీసిన "వీనస్ జననం", "వసంతం" చిత్రాలు ఉన్నది లోపల. అలాగే ఫ్లోరెన్స్ నడిబొడ్డున, పాత మునిసిపల్ భవనం ముందు నిలబడిన డేవిడ్ విగ్రహం నకలు. మైకెలాంజెలో 1501 నుంచి 1504 వరకు చెక్కిన 5.17 మీటర్ల అసలు విగ్రహం అకాడెమియా మ్యూజియంలో ఉంది. "డేవిడ్‌ను చూపిస్తాం" అని మాత్రమే రాసి ఉంటే ఏ డేవిడ్ అని అడగండి.

సరిచూసుకోవడం ఇలా: లోపల గడిపే సమయాన్ని గంటల్లో రాయించుకోండి. నా లెక్కలో వాటికన్ మ్యూజియాలకు మూడు గంటలు, కొలోసియం, ఫోరం, పాలటైన్ కొండ కలిపి మూడు గంటలు, ఉఫిజికి రెండున్నర గంటలు, అకాడెమియాకు ఒక గంట తక్కువలో తక్కువ. ఏడు రాత్రుల పర్యటనలో వీటిలో మూడయినా లేకపోతే మరో సంస్థను అడగడం మంచిది.

3. మూసివేత రోజులతో క్యాలెండరును పోల్చండి

ఉఫిజి, అకాడెమియా, రోమ్‌లోని బోర్గేజె గ్యాలరీ సోమవారం మూసి ఉంటాయి. వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు రద్దీ చూసి వెనక్కి తిరిగినవారిని నేనెరుగుదును. బుధవారం ఉదయం పోప్ సామూహిక దర్శనం ఉంటే సెయింట్ పీటర్స్ చౌకంతా జనంతో నిండిపోతుంది. ప్రభుత్వ మ్యూజియాలకు నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం కనుక రద్దీ ఉంటుంది, డబ్బు మిగులుతుందని ఆశపడి ఆ రోజు పెట్టుకోకండి.

నా మొదటి పర్యటనలో మా బృందం ఆదివారం రాత్రి ఫ్లోరెన్స్ చేరి మంగళవారం ఉదయమే వెళ్లిపోయింది. మధ్యలో మాకు దక్కింది ఒక్క సోమవారం. సంస్థవారు అబద్ధం చెప్పలేదు, కాగితంలో "ఫ్లోరెన్స్ నగర సందర్శన" అని మాత్రమే ఉంది. క్యాలెండరు చూసుకోనిది మేమే. అందుకే బయలుదేరే తేదీ ఖాయం కాగానే ప్రతి రోజు పక్కన వారం పేరు రాసి పెట్టుకోండి. సంస్థ బయలుదేరే తేదీని రెండు రోజులు జరిపితే మళ్లీ మొదటి నుంచి పోల్చండి.

4. వివరించేది ఎవరో తేల్చుకోండి

మీతో హైదరాబాద్ లేదా ముంబయి నుంచి వచ్చే వ్యక్తి టూర్ మేనేజర్. హోటలు గదులు, బస్సు, భోజనం, తప్పిపోయిన సూట్‌కేసు ఆయన బాధ్యత. మ్యూజియంలో చిత్రం ముందు నిలబడి వివరించడానికి స్థానిక లైసెన్సు ఉన్న గైడు వేరే ఉండాలి. కాబట్టి ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఏయే చోట్ల స్థానిక గైడు ఉంటారు, ఎన్ని గంటలు ఉంటారు, ఏ భాషలో మాట్లాడతారు, ఒక్కో గైడుకు ఎంతమంది, గైడు మాట దూరం నుంచి వినడానికి చెవికి పెట్టుకునే పరికరాలు ఇస్తారా. నలభై ఐదు మంది బృందానికి ఒకే గైడు ఉంటే, చివర నడిచేవారు మాట వినేసరికి ముందున్నవారు తరువాతి గదిలో ఉంటారు. ఇరవై ఐదు మంది లోపు బృందం దొరికితే కొంత ఎక్కువ చెల్లించినా నష్టం లేదు.

సిస్టీన్ చాపెల్‌లో గైడులు మాట్లాడరు, ఫోటోలూ తీయనివ్వరు. అందుకే మంచి గైడు ముందే ప్రాంగణంలో నిలబెట్టి, అక్కడి ఫలకాల మీది బొమ్మలు చూపిస్తూ, 1508 నుంచి 1512 వరకు మైకెలాంజెలో గీసిన పైకప్పులో ఏ గడిలో ఏముందో, అతడే పాతికేళ్ల తరువాత గోడ మీద గీసిన "తుది తీర్పు"ను ఎక్కడి నుంచి చూడాలో చెప్పి లోపలికి పంపుతారు. గైడు ప్రాంగణంలో ఆగకుండా నడిచిపోతుంటే మర్యాదగా ఆపి అడగండి. తరువాత అడిగే వీలుండదు.

మీకు నచ్చిన ప్యాకేజీలో గైడు లేకపోతే ప్రత్యామ్నాయం ఉంది: బృందంలో ఆసక్తి ఉన్న ఎనిమిది పది మంది కలిసి ఖాళీ పూటకు స్థానిక గైడును సొంతంగా కుదుర్చుకోవచ్చు. ఆ పూట బస్సు కార్యక్రమం నుంచి తప్పుకుంటున్నామని టూర్ మేనేజర్‌కు ముందు రోజే రాసి ఇవ్వండి.

5. హోటలు ఎక్కడుందో, బస్సు ఎంతసేపు నడుస్తుందో చూడండి

"ఫ్లోరెన్స్ హోటలు" అని రాసి ఉన్నది నగరం బయటి పట్టణాలైన ప్రాతోలోనో మోంటెకాతినీలోనో ఉండవచ్చు. హోటలు పేరు అడిగి, పటంలో అక్కడి నుంచి నగర మధ్యకు ఎంత దూరమో చూడండి. పేరు చెప్పకుండా "లేదా అదే స్థాయి హోటలు" అంటే, కనీసం నగర మధ్య నుంచి గరిష్ఠంగా ఎన్ని కిలోమీటర్లో రాసిమ్మనండి. పాత నగరాల నడిబొడ్డుకు పర్యాటకుల బస్సులను రానివ్వరు కనుక, దిగినచోటు నుంచి రోజుకు ఏడెనిమిది కిలోమీటర్లు నడవడానికి మోకాళ్లు సిద్ధంగా ఉండాలి.

యూరప్ నియమాల ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటల నడపకం తరువాత 45 నిమిషాలు ఆగాలి, రోజుకు సాధారణంగా తొమ్మిది గంటలకు మించి నడపకూడదు, రాత్రి తగినంత విశ్రాంతి తీసుకోవాలి. "రాత్రి పదకొండుకు హోటలు, ఉదయం ఆరున్నరకు బయలుదేరడం" అని ఉన్న కార్యక్రమం కాగితం మీదే చెల్లదు. అక్కడకు వెళ్లాక ఉదయపు మ్యూజియాన్నే కోస్తారు. రోమ్, ఫ్లోరెన్స్ మధ్య వేగవంతమైన రైలు గంటన్నరలో చేరుస్తుంది. రైలు ఇచ్చే ప్యాకేజీ దొరికితే అదే తీసుకోండి.

6. భోజనాన్ని రోజువారీగా విడదీయండి

మన సంస్థలు చాలావరకు ప్రతి రాత్రీ భారతీయ భోజనం పెడతాయి. దానిని చులకన చేయను; ఐదో రోజుకు అన్నం, పప్పు కనబడితే ప్రాణం లేచివస్తుంది. అయితే మధ్యాహ్నం కూడా అదే పెడితే, భోజనశాల ఊరి చివర ఉంటే, రాకపోకలకే గంటన్నర పోతుంది. మధ్యాహ్నాలు సొంతంగా, రాత్రుళ్లు సగం భారతీయం, సగం స్థానికం అనే ఏర్పాటు నాకు అన్నిటికంటే కుదిరింది. ఇటలీలో మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు, రాత్రి భోజనం ఏడు, ఏడున్నర తరువాత. నాలుగు గంటలకు ఆకలేస్తే వంటగది మూసి ఉంటుంది.

శాకాహారులు, గొడ్డుమాంసం లేదా పందిమాంసం తిననివారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి.

రోమ్ ప్రసిద్ధ పాస్తాల్లో కార్బోనారా, అమాత్రిచానా రెండింటిలోనూ పంది దవడ మాంసం పడుతుంది. "కాచో ఎ పెపె"లో జున్ను, మిరియాలు తప్ప మరేమీ ఉండవు. రాగూ అంటే కీమా. మినెస్త్రోనే పేరుకు కూరగాయల సూపయినా, మాంసపు రసంతో చేసి ఉండవచ్చు కనుక అడగాలి. ఫ్లోరెన్స్ వీధి బండ్ల మీద రొట్టెలో పెట్టి ఇచ్చే లాంప్రెదోత్తో ఆవు పొట్ట భాగం. ఆ ఊరు గర్వంగా చెప్పుకునే బిస్తెక్కా కూడా గొడ్డుమాంసమే. శాకాహారులకు ఫ్లోరెన్స్‌లో బీన్సు, నల్ల క్యాబేజీ, పాత రొట్టె కలిపి ఉడికించే రిబొల్లీత, టమాటా, రొట్టెల పాప్పా అల్ పొమొదోరో చక్కగా సరిపోతాయి, ఉడికించిన నీళ్లలో మాంసపు రసం లేదని నిర్ధారించుకుంటే చాలు. రోమ్ యూదుల వాడలో మొగ్గలా ఉండే కూరగాయ ఆర్టిచోక్‌ను పువ్వులా విచ్చుకునేలా నూనెలో వేయించి ఇస్తారు. 1555లో పోప్ ఆజ్ఞతో గోడ కట్టి యూదులను బంధించిన ఆ వాడ చరిత్రను గైడు చెబుతుండగా దానిని తినడం, నా మటుకు, ఆ ఊరిలో తప్పిపోకూడని పూట.

కరడుగట్టిన శాకాహారులకు మరో మాట. పార్మిజానో జున్నును దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్‌తో తోడుపెడతారు. దానిని తినాలా వద్దా అన్నది మీరు ఇంట్లోనే తేల్చుకోండి, బల్ల ముందు కూర్చున్నాక తేలదు.

పేర్లు రెండు మోసం చేస్తాయి. అక్కడి "పెపెరోని" అంటే క్యాప్సికం. మాంసం అనుకొని మానేసిన శాకాహారులు ఆకలితో ఉండిపోయారు. "లాత్తె" అడిగితే గ్లాసుడు పాలు తెచ్చి పెడతారు, కాఫీ రాదు. "మాంసం, చేప, మాంసపు రసం తినను" అన్న వాక్యాన్ని టూర్ మేనేజర్ చేత ఇటాలియన్ భాషలో చీటీ మీద రాయించుకొని వడ్డించేవారికి చూపించండి. నోటితో చెప్పడం కంటే చీటీ నమ్మకం, ఎందుకంటే "తింటాను" అనే వారి మాటకు (mangio), "ఎద్దు మాంసం" అనే మాటకు (manzo) మన నోట్లో తేడా తెలియదు.

బిల్లులో "కొపెర్తో" అని తలకు ఒకటి రెండు యూరోలు కనబడితే గొడవ పడకండి, అది బల్ల రుసుము, మెనూలో రాసే ఉంటుంది. కాఫీని కౌంటరు దగ్గర నిలబడి తాగితే తక్కువ, కూర్చుంటే ఎక్కువ. నీళ్ల సీసా కొననవసరం లేదు. రోమ్ వీధుల్లో నిరంతరం పారే కుళాయిల నీళ్లు తాగడానికి మంచివే.

7. చేరనివి లెక్కగట్టండి

ధరలో కలవనివి సాధారణంగా ఇవి: హోటలులో తలకు, రాత్రికి ఇంత అని వసూలు చేసే నగర పన్ను, డ్రైవరు, మేనేజర్ల టిప్పులు, మధ్యాహ్న భోజనాలు, "ఐచ్ఛికం" అని పెట్టిన సందర్శనలు. ఐచ్ఛికాల్లో కొలోసియం ప్రవేశం ఉంటే దాన్ని ధరలో కలిపి చూడండి, అప్పుడే రెండు సంస్థల ధరలను పోల్చగలరు. విదేశీ ప్యాకేజీ మీద సంస్థ మీ పాన్ నంబరుతో మూలంలోనే పన్ను వసూలు చేస్తుంది. ఆ రేటు బడ్జెట్లలో మారుతూ వస్తోంది కనుక చెల్లించే నాటి రేటు అడిగి, రసీదులో దాన్ని విడిగా చూపించమనండి.

అక్కడ కార్డుతో చెల్లించేటప్పుడు యంత్రం "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే యూరోలనే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే వారి మారకపు రేటు మీ మీద పడుతుంది.

8. కాగితాలు

ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. చివరి నెల వరకు ఆగకండి. పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై, అక్కడి నుంచి తిరిగి వచ్చే తేదీ తరువాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. షుగరు, బీపీ ఉన్నవారు పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో పాలసీలో చదవండి.

మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఇంటిపేరు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటుంది, కొందరిది పొడి అక్షరాలతో ఉంటుంది. విమాన టికెట్టు, వీసా, బీమా, మ్యూజియం టికెట్టు నాలుగింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. కొలోసియం టికెట్లు 2023 నుంచి పేరు మీదే ఇస్తున్నారు, ద్వారం దగ్గర గుర్తింపు పత్రంతో పోల్చవచ్చు. బయలుదేరడానికి మూడు వారాల ముందు సంస్థను టికెట్ల ప్రతులు పంపమని అడిగి, ఒక్కో అక్షరం సరిచూడండి. ప్రతులు పంపలేమంటే, కనీసం తేదీ, ప్రవేశ సమయం రాసిమ్మనండి. అదీ ఇవ్వకపోతే టికెట్లు ఇంకా కొనలేదన్నమాట.

9. ఇంటి దగ్గరే కళ్లకు సాధన

సిద్ధాంత గ్రంథాలు చదవనవసరం లేదు. హైదరాబాద్‌కు దగ్గరివారు ఒక పూట సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి, ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన "మేలిముసుగు రెబెక్కా" ముందు పావుగంట నిలబడండి. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ పర్యటనలో కొని తెచ్చిన ఆ పాలరాతిలో, ముసుగు ఎక్కడ ముగిసి ముఖం ఎక్కడ మొదలవుతుందో వెతకండి. (శుక్రవారం సెలవు, మూసివేత రోజు చూసుకునే అలవాటు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.) ఆ తరువాత బోర్గేజెలో బెర్నిని శిల్పాల ముందు నిలబడినప్పుడు, రోమన్ పురాణాల దేవుడు ప్లూటో వేళ్లు అతడు ఎత్తుకుపోతున్న ప్రొసెర్పినా తొడలోకి దిగబడినచోట రాయి మెత్తబడినట్టు ఎందుకు కనిపిస్తుందో మీకు మీరే చూడగలుగుతారు. బోర్గేజెకు ముందస్తు బుకింగు తప్పనిసరి, రెండు గంటల తరువాత బయటకు పంపేస్తారు. చాలా ప్యాకేజీల్లో ఇది ఉండదు, ఖాళీ పూట దీనికే కేటాయించండి.

ప్రతి మ్యూజియంలోనూ మూడే చిత్రాలు ఎంచుకొని వాటి దగ్గర ఆగండి, మిగిలినవి నడుస్తూ చూడండి. అన్నీ చూడాలనుకున్నవారు ఉఫిజిలో రెండో గంటకే బెంచీ వెతుక్కుంటారు.

10. అక్కడకు చేరాక

సరిహద్దు దగ్గర ముఖం ఫోటో తదితర వివరాలు నమోదు చేసే కొత్త విధానం 2025 అక్టోబరు నుంచి మొదలైంది, వరుస పొడవుగా ఉండవచ్చు. కనుక దిగిన రోజున టికెట్టున్న కార్యక్రమం పెట్టుకోవద్దు. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులుండాలి. చీర, చుడీదార్‌లతో ఇబ్బంది లేదు, షార్ట్సు వేసుకున్న మగవారినే ఎక్కువగా ఆపుతారు. రోమ్ టెర్మిని స్టేషన్ దగ్గర, వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సులో జేబు దొంగలుంటారు. సంచీ ముందుకు వేసుకోండి.

రోమ్‌లోని పురాతన కట్టడం పాంథియన్ దగ్గర భోజనానికి గంట ఖాళీ ఇస్తే, అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉన్న సాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజి చర్చికి వెళ్లండి. కారవాజ్జో గీసిన సెయింట్ మాథ్యూ చిత్రాలు మూడు అక్కడ ఉచితంగా చూడవచ్చు. చిత్రాల మీద దీపం వెలగడానికి నాణెం వేయాలి, జేబులో చిల్లర ఉంచుకోండి. మధ్యాహ్నం కొంతసేపు మూస్తారు కనుక తలుపు మీది వేళలు ముందు చూడండి.

మొదటి సాయంత్రమే మీ రెండు రంగుల కాగితాన్ని టూర్ మేనేజర్ ముందు పెట్టి, రేపటి ప్రవేశ సమయం, గైడును కలిసే చోటు అడగండి. రంగు మారినది ఏదైనా ఉంటే, అంటే లోపలి సందర్శన వెలుపలిదయితే, అప్పుడే వాట్సాప్‌లో రాతపూర్వకంగా సంస్థకు తెలిపి, బదులు ఏమి ఇస్తారో అడగండి. తిరిగి వచ్చాక చేసే ఫిర్యాదుకు ఆ సందేశం, మూసి ఉన్న తలుపు ఫోటో తప్ప వేరే ఆధారం ఉండదు. మూలంలో కట్టిన పన్ను ఆదాయపు పన్ను శాఖ దగ్గరి మీ పన్ను వివరాల్లో కనిపిస్తోందో లేదో ఆ సంవత్సరపు రిటర్ను వేసేలోగా చూసుకోండి. కనిపించకపోతే ప్యాకేజీ రసీదుతో సంస్థనే అడగాలి.